చివరి పేజీలో ఆగిపోయిన చదువు

మా తోడల్లుడు ప్రతి పెళ్ళిలోనూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఇంతకీ నువ్వు చేసే ఉద్యోగం ఏందప్పా?" ప్రతి పెళ్ళిలోనూ నేను ఓపికగా చెబుతాను. కంప్యూటర్లో పాఠం చదివేవాళ్ళు ఎంతవరకు చదివారో, ఎన్ని మార్కులు తెచ్చుకున్నారో, పూర్తి చేశారో లేదో, ఆ సంగతి పాఠం నుంచి ఆఫీసుకు పొల్లుపోకుండా చేరేటట్టు చూడటం నా పని. ఆయన అంతా వింటాడు. విని, బంతిలో పక్కన కూర్చున్నవాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పేస్తాడు: "ఏం లేదు, హాజరు ఏసే పని."

రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆలోచిస్తే ఆయన మాట తప్పేమీ కాదనిపిస్తోంది. కాకపోతే హాజరు వేయడం ఎంత చిక్కు వ్యవహారమో ఆయనకు తెలియదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు కూడా తెలియదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

హైస్కూలు రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటు. రాసే ముందు ఒకసారి అవన్నీ తీసి దుమ్ము దులిపాను. మా ఆవిడ నాలుగు పేజీలు తిరగేసి, "ఏ హోటల్లో చట్నీ పులిసినాదో, ఏ బస్సు ఆలస్యమో అన్నీ రాసినారు. మీరు చేసిన ఉద్యోగం ఏందో మాత్రం ఒక్క తావ కూడా రాయలేదే" అంది. నిజమే. అందుకని వాటిని మళ్ళీ అటక ఎక్కించి, గుర్తున్నంత మటుకు రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ రాయను. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకేలా ఉంటాయి.

విజిళ్ళ భాష

చిత్తూరు బస్టాండులో కాసేపు నిలబడితే నా వృత్తి సగం అర్థమవుతుంది. కండక్టరు ఒక విజిలు వేస్తే బస్సు ఆగుతుంది. రెండు వేస్తే కదులుతుంది. ఆ కండక్టరూ డ్రైవరూ అంతకు ముందు ఒకరి ముఖం ఒకరు చూసి ఉండనక్కర్లేదు. పుత్తూరు కండక్టరు వేసిన విజిలు మదనపల్లె డ్రైవరుకు అర్థమవుతుంది. సాంకేతిక ప్రమాణం అంటే ఇంతే.

ఆన్‌లైన్ శిక్షణలోనూ అలాగే ఇద్దరుంటారు. ఒకటి పాఠం. దాన్ని మా వంటి సంస్థ తయారు చేస్తుంది. రెండోది ఆ పాఠాన్ని తనలో పెట్టుకుని, ఎవరెంత చదివారో లెక్క చూసే వ్యవస్థ. దాన్ని ఇంకెవరో తయారు చేస్తారు. ఈ రెండింటికీ మధ్య విజిళ్ళ భాష ఒకటి ఉండాలి. అందులో బాగా పాతుకుపోయిన దాని పేరు స్కార్మ్. పేరు చూసి బెదరకండి. దానికి వచ్చే మాటలు చాలా కొద్ది. మొదలుపెట్టారు, ఫలానా పేజీలో ఉన్నారు, ఇన్ని మార్కులు వచ్చాయి, ఇంతసేపు ఉన్నారు, పూర్తయింది. దాదాపు అంతే.

తర్వాత ఎక్స్-ఏపీఐ అని ఇంకొకటి వచ్చింది. అది విజిళ్ళతో ఊరుకోదు. ఎవరు ఏం చేశారో పూర్తి వాక్యాల్లో చెబుతుంది. స్కార్మ్ విజిలు వేసే కండక్టరైతే, ఇది డ్రైవరు పక్కన చేరి కబుర్లు చెప్పే కండక్టరు. మా బాసు వరదరాజులు గారు దాని గురించి విన్న రోజే, "అయితే అన్నీ రాయించెయ్" అన్నారు. ఫలానా ఆమె వీడియో చూసింది, ఆపింది, వెనక్కి జరిపింది, మళ్ళీ చూసింది... ఇలా వారం తిరక్కుండా పెద్ద గుట్ట పడింది. ఎవరూ చదవలేదు. మా ప్రోగ్రామరు లావణ్య ఆ గుట్టను చూసి, "మా పక్కింటామెకు కూడా ఊళ్ళో వాళ్ళ సంగతులు ఇన్ని తెలవవు సార్" అంది.

ఏ ప్రమాణమైనా ఒకటి గుర్తు పెట్టుకోండి. విజిలు పడిందంటే విజిలు పడిందనే అర్థం. జనమంతా బస్సెక్కారని కాదు. అందరూ ఎక్కినా కొన్నిసార్లు విజిలు పడదు. నా ఉద్యోగమంతా ఈ రెండు సంగతుల మధ్యే గడిచింది.

నిద్రపోని కంప్యూటరు

మొదటి సంగతి నాకు నేర్పినవాడు చెంగల్రాయుడు. తిరుచానూరులో ఒక లాడ్జీ రిసెప్షన్‌లో కూర్చునేవాడు. ఆ లాడ్జీ సిబ్బందికి మేము అగ్నిప్రమాదాల మీద పాఠం చేసి ఇచ్చాం. నెలాఖరు నివేదిక చూస్తే చెంగల్రాయుడు అందరికంటే పైన ఉన్నాడు. పొద్దున డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా పాఠం తెరిచే ఉంది. ఇంత శ్రద్ధ గల మనిషిని నేను చూడలేదన్నాడు లాడ్జీ యజమాని. వరదరాజులు గారు ఇంకా మురిసిపోయి, శాలువా తానే కొని తెచ్చి కప్పారు. నా చేత కూడా రెండు మాటలు మాట్లాడించారు.

సభ అయ్యాక చెంగల్రాయుణ్ణి పక్కకు పిలిచి, ఆ పాఠంలో బాగా నచ్చిందేమిటని అడిగాను.

"నిజం చెప్పాల్నా సార్?" అన్నాడు అటూ ఇటూ చూసి.

"చెప్పబ్బా."

"ఈ కంప్యూటరు రవంతసేపు ముట్టకపోతే నిద్రపోతాది సార్. అది నిద్రపోయిందంటే దానికి తగిలించిన నా సెల్లు ఛార్జింగ్ ఎక్కదు. మీ పాఠంలో మంటల వీడియో తిరగతానే ఉంటాది కదా, అది పెట్టినామంటే ఇంక నిద్రపోదు. బలే పాఠం సార్! ఇంకో రెండు చేయండి."

కప్పిన శాలువా వెనక్కి తీసుకోవడం బాగుండదని ఊరుకున్నాం. తెరిచి ఉంచిన సమయానికి రంగురంగుల గ్రాఫు వేసి, చూడండి ఎంత నేర్చుకున్నారో అని చూపించే బాసులు మీకూ తగులుతారు. మర్యాదగా నవ్వండి. నమ్మకండి.

వరదరాజులు గారిని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ఆయన కష్టజీవి, పైగా భక్తుడు. మా ఆఫీసు నుంచి వెళ్ళే ప్రతి పాఠమూ స్వామి పటంతోనే ముగియాలని ఆయన నియమం. చివరి ప్రశ్నకు జవాబు చెప్పగానే తెర నిండా స్వామి కనిపిస్తాడు. పైన మూలన ఇంటూ మార్కు ఉంటుంది. అది నొక్కితే పాఠం మూసుకుంటుంది. "తిరపతిలో ఉండి ఆమాత్రం పెట్టకపోతే ఎట్టా?" అనేవారు. మాలో ఎవరమూ అభ్యంతరం చెప్పలేదు. మాకూ అది మామూలు సంగతిలాగే అనిపించింది.

అందరూ పసుపే

చిత్తూరు అవతల మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటుంది. కాయలు ఏరే పనికీ కోసే పనికీ సీజనుకు మాత్రం మనుషులను తీసుకుంటారు. ఎక్కువ మంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. గుజ్జు కొనే విదేశీ కంపెనీ ఆ సంవత్సరం ఒక షరతు పెట్టింది. లోపల అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ పరిశుభ్రత మీద పాఠం చదివి ఉండాలి. చేతులు ఎలా కడగాలి, టోపీ ఎలా పెట్టాలి, గాజులు ఎందుకు తీయాలి, ఇలాంటివి. వ్యవస్థలో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పడితే పూర్తయినట్టు. పసుపు చుక్క ఉంటే మధ్యలో ఆపేసినట్టు. ఆకుపచ్చ పడినవాళ్ళకే గేటు కార్డు.

పాఠం మేమే చేశాం. ఫ్యాక్టరీ వాళ్ళు కొన్ని ట్యాబ్లెట్లు కొని షెడ్డులో పెట్టి అందరి చేతా చదివించారు. చదివించాక మేనేజరు సుబ్రమణ్యం నాకు ఫోను చేశాడు.

"ఏం పాఠం చేసినారు సార్? నాకు పచ్చ పడింది, ఎస్తేరమ్మ అనే ఆమెకు పడింది. మిగతావాళ్ళంతా పసుపే. మధ్యలో వదిలేసి పోతా ఉండారు. అడిగితే చివరిదాకా సూసినామని అబద్ధాలు!"

"ఇంకోసారి చేయించి చూశారా?"

"చేయించినా సార్. మళ్ళీ పసుపే. సోమవారం కాయ దిగతాది. ఆలోపల కార్డులు రాకపోతే మా కాంట్రాక్టరు గుడియాత్తం తట్టు నుంచి వేరే బ్యాచ్‌ను దించుతానంటా ఉండాడు. ఒకసారి వాళ్ళు దిగినారంటే వీళ్ళకు మళ్ళీ ఆ వరసలో చోటుండదు. ఏళ్ళుగా చేస్తా ఉండే ఆడోళ్ళు సార్."

వరదరాజులు గారు వినగానే, "చదివేవాళ్ళ పొరపాటని రాసి పంపించెయ్" అన్నారు. మా వృత్తిలో తలనొప్పి మాత్రలాగా అన్నిటికీ వాడే మందు అది. నేను రాయలేదు. ముందు వ్యవస్థలోకి పోయి ఒక్కొక్క పేరూ తెరిచి చూశాను. అందరూ అన్ని ప్రశ్నలకూ జవాబులు చెప్పారు. మంచి మార్కులే వచ్చాయి. ఎక్కడ ఆగారో చూపే గుర్తు అందరిదీ చివరి పేజీ దగ్గరే ఉంది. అంటే సుబ్రమణ్యం అనుకున్నట్టు ఎవరూ మధ్యలో వదల్లేదు. చివరి పేజీలో ఇంటూ మార్కు నొక్కి బయటికి వచ్చినప్పుడే మా పాఠం 'పూర్తయింది' అనే విజిలు వేస్తుంది. ఆ విజిలు ఒక్కటే పడలేదు.

"ట్యాబ్లెట్లు సరిగా లేవేమో. ఎస్తేరమ్మ వాడినది ఇంకొకరికి ఇచ్చి చూడండి" అన్నాను.

చూశారు. పసుపే.

"అయితే చివర్లో ఇంటూ మార్కు నొక్కమని చెప్పండి."

"మైకులో చెప్పినా సార్. అందరూ బాగా తలకాయ ఊపినారు. ఊపి, పోయి, మళ్ళీ పసుపే!"

అంత దూరం చదువుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర ఇంతమందీ ఎందుకు నిలబడిపోతున్నారో నాకు అంతుపట్టలేదు.

రంగు పూయడం

ఇక్కడ ఒక అడ్డదారి ఉంది. మీ ముందుకూ వస్తుంది కాబట్టి చెబుతున్నాను. వ్యవస్థను నడిపేవాళ్ళు తమ చేత్తో ఏ పేరుకైనా పచ్చ చుక్క పెట్టొచ్చు. సుబ్రమణ్యం అదే అడిగాడు. "మీ చేతిలో పనే కదా సార్, ఆడ కూసోని అందరినీ పచ్చ చేసెయ్యండి." వరదరాజులు గారికీ అది నచ్చింది.

నాకు నచ్చలేదు. చేత్తో పెట్టిన చుక్క పక్కన అది చేత్తో పెట్టిందని వ్యవస్థ రాసిపెడుతుంది. కొనే కంపెనీ తనిఖీవాళ్ళు వచ్చి, వరసగా అందరి పేర్ల పక్కనా ఆ ముక్క చూస్తే, ఒక్కరినీ నమ్మరు. అదొక కారణం. రెండోది, ఈ ఆడవాళ్ళు నిజంగా చదివారు. చదవనివాళ్ళకు దొంగచాటుగా పూసే రంగు, చదివినవాళ్ళకు పూయడమేమిటి?

"అయితే పో. పోయి వాళ్ళ పక్కనే కూర్చో" అన్నారు వరదరాజులు గారు విసుక్కుంటూ. ఆయన నాకు ఇచ్చిన సలహాల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. మరునాడు పొద్దున్నే చిత్తూరు బస్సెక్కాను.

మునెమ్మ పక్కన స్టూలు

షెడ్డులో పొడుగాటి బెంచీ, దాని మీద ట్యాబ్లెట్లు. చుట్టూ ఆడవాళ్ళు. వాళ్ళకు నాయకురాలి లాంటి మనిషి మునెమ్మ. కాయ ఏరే వరసలో అందరికంటే ముందు నిలబడేది ఆమె. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీరేనా సారూ ఈ పాఠం చేసినోళ్ళు?"

"మా ఆఫీసే అమ్మా."

"అంతా బానే చేసినారు గానీ, ఆ చేతులు కడిగే పాపకు సబ్బు రుద్దను రాదు. సంగటి పిసికినట్టు పిసకతాది."

"గమ్మునుండక్కా" అంది పక్కనున్న ఎస్తేరమ్మ. "ఆ పాప సారు కూతురేమో!"

కాదన్నాను. వీడియోలో ఉన్న ఆ చేతులు మా లావణ్యవి. ఆ మాట లావణ్యకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

పాఠం ఇంకొక్కసారి చదవమని మునెమ్మను బతిమాలి, పక్కన స్టూలు వేసుకున్నాను. "నేను ఇక్కడ లేననుకుని చదువమ్మా" అన్నాను.

"ఇంత మడిసి ఎదురుగా కూసోనుంటే లేడని ఎట్టా అనుకునేది సారూ?" అని, అయినా మొదలుపెట్టింది. చకచకా పేజీలు తిప్పింది. ఒక్క ప్రశ్న కూడా తప్పలేదు. సబ్బు పాప దగ్గర మాత్రం పెదవి విరిచింది. చివరి జవాబు నొక్కింది. స్వామి వచ్చాడు.

అప్పుడు చూశాను. ఆఫీసులో మా పెద్ద తెర మీద ఆ ఇంటూ మార్కు ఎక్కడో పైన మూలన, పటానికి దూరంగా ఉండేది. ఈ చిన్న ట్యాబ్లెట్‌లో చోటు చాలక, పటం తెర నిండా పరుచుకుంది. ఇంటూ మార్కు జరిగి జరిగి సరిగ్గా స్వామి ముఖం మీదికి వచ్చి కూర్చుంది.

మునెమ్మ చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది. తెర కింది అంచును వేలితో తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత ట్యాబ్లెట్ పక్క అంచున ఉన్న మీట మెల్లగా నొక్కింది. తెర నల్లబడింది. రెండు చేతులతో దాన్ని జాగ్రత్తగా బెంచీ మీద పెట్టి, "అయిపాయ సారూ" అంది.

"ఇంటూ మార్కు నొక్కలేదే అమ్మా?"

"యాడ నొక్కేది?"

"ఆ పేజీలోనే ఉంది కదా."

"ఉండాది. యాడుండాదో సూసినారా మీరు?" మీట మళ్ళీ నొక్కి ట్యాబ్లెట్ నా ముఖం ముందు పెట్టింది. "సూడండి. బాగా సూడండి. స్వామి మొగం మీద! ఇంటూ మార్కు ఎప్పుడేస్తారు సారూ? తప్పు చేస్తే కదా ఏసేది. మా పిలకాయల పరీక్ష పేపర్ల నిండా అదే. స్వామి ఏం తప్పు చేసినాడని ఏసేది?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఏ మీటింగులోనూ ఎవరూ నన్ను ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

"మరి మేనేజరు మైకులో చెప్పినప్పుడు తల ఊపారంట?"

"ఊపకపోతే ఇంగా గట్టిగా అరస్తాడు. ఆయనకు కూడా యాడుండాదో తెలవదు పాపం. పక్క మీట నొక్కినామనుకోండి, మెల్లంగా నల్లబడతాది. గుళ్ళో తెర ఏసినట్టుంటాది. మర్యాదగా ఉంటాది. రవంతసేపటికి అదే మూసుకోని తర్వాతోళ్ళ పేరు అడగతాది. అందరికీ అట్టనే చెయ్యమని నేనే చెప్పినా."

"నేను నొక్కేసినా సారూ" అంది ఎస్తేరమ్మ. "మేం చర్చికి పోతాం గదా, నాకు ఇంత కథుండాదని తెలవదు. ఆ పొద్దు మునెమ్మక్క పక్కన లేదు."

"ఉండుంటే నీ వేలు విరిచుందును."

"అందుకే రెండోసారి చెయ్యమన్నప్పుడు నేను కూడా పక్క మీటే నొక్కినా!"

ఈలోగా సుబ్రమణ్యం వచ్చి మా వెనక నిలబడి అంతా విన్నాడు. "ఏం మాటలివి? ఇట్టియ్యండి, నేను నొక్కతా" అని ట్యాబ్లెట్ అందుకున్నాడు. వేలు ఎత్తాడు. వేలు తెర దాకా పోయింది. అక్కడే కాసేపు గాలిలో ఉండిపోయింది. తర్వాత మెల్లగా పక్కకు జరిగి మీట నొక్కింది.

"నా రూములో కంప్యూటర్లో ఇది యాడో మూలన ఉండె సార్" అన్నాడు నా వైపు చూడకుండా.

ఆడవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నా చేతికిచ్చినా నేను నొక్కగలిగేవాణ్ణని చెప్పలేను.

ఎవరు తీసేస్తారు

అక్కడి నుంచే ఆఫీసుకు ఫోను చేసి సంగతి చెప్పాను. వరదరాజులు గారు ఇంకొకసారి చెప్పించుకున్నారు.

"అంటే... స్వామే అడ్డం నిలబడినాడా?"

"స్వామి కాదు సార్. ఇంటూ మార్కు."

"అయితే ఆ పేజీని తీసె..." అని, నాలుక కరుచుకున్నట్టు ఆగారు. "ఒద్దొద్దు. నేను తీసెయ్యమనలేదు. లావణ్యతో మాట్లాడు."

ఫోను లావణ్య తీసుకుంది. "నేను కూడా డిలీట్ కొట్టను సార్. సాయంత్రం బండి మీద ఇంటికి పోవాల."

తీయనక్కర్లేదని చెప్పాను. మార్చవలసినవి రెండే. చివరి జవాబు పడి ఆ పేజీ తెరుచుకోగానే 'పూర్తయింది' అనే విజిలు దానంతటదే పడాలి. ఎవరూ ఏదీ నొక్కే పని ఉండకూడదు. ఇంటూ మార్కు పోయి, పటం కింద, పటానికి తగలకుండా, 'సెలవు' అని ఒక చిన్న బొత్తాం రావాలి.

అసలు చిక్కు వేరే ఉంది. పాత పాఠాన్ని తీసేసి కొత్తది పెడితే అందరి గుర్తులూ, మార్కులూ పోతాయి. మొదటి నుంచి చదవాలి. ఉన్న నాలుగు ట్యాబ్లెట్లతో సోమవారానికి అది కాదు. అలా కాకుండా పాత పాఠంలోనే ఆ ఒక్క ఫైలు మార్చిపెడితే గుర్తులు నిలవొచ్చు. నిలవకపోనూవచ్చు. తెరిచి చూస్తే తప్ప తెలియదు. ముందు ఎవరైనా ఒక్కరు తెరవాలి. వాళ్ళది నిలిస్తే మిగతావాళ్ళదీ నిలుస్తుంది. పోతే వాళ్ళ ఒక్కరిదే పోతుంది, మిగతావాళ్ళను ముట్టుకోకుండా పాత ఫైలు తిరిగి పెట్టేస్తాం. కానీ అప్పుడు సోమవారం గేటు దగ్గర అందరూ బయటే ఉంటారు.

ఇదంతా దాచకుండా వాళ్ళకు చెప్పాను. ఇలాంటివి దాచకండి. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి.

"నాదే తెరవండి సారూ" అంది మునెమ్మ. "పక్క మీట నొక్కమని చెప్పింది నేనే గదా. పోతే నాదే పోనీ. ఆ సబ్బు పాపను ఇంగోసారి సూస్తా, అంతే కదా."

అంతే కాదని ఆమెకూ తెలుసు. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

జరగండి, జరగండి

మధ్యాహ్నం భోజనాలయ్యాక లావణ్య ఫోను చేసింది. "పెట్టేసినా సార్. తెరవమనండి."

సుబ్రమణ్యం తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, కిటికీలోంచి షెడ్డు వైపు తల పెట్టాడు. తెర మీద మునెమ్మ పేరు, పక్కన పసుపు చుక్క. ఇక్కడ మునెమ్మ ట్యాబ్లెట్ చేతిలోకి తీసుకుని పాఠం తెరిచింది. తెర కాసేపు తెల్లగా ఉండిపోయింది. వెనకున్నవాళ్ళు ఆమె భుజాల మీదుగా తొంగి చూశారు.

"ఏందో అడగతా ఉండాది సారూ" అంది మునెమ్మ.

వంగి చూశాను. 'ఆపిన చోటు నుంచి కొనసాగిస్తారా?' అని ఉంది. ఆ ప్రశ్న వచ్చిందంటే గుర్తు ఉన్నట్టే. నేను ఏ ప్రశ్ననూ అంత ప్రేమగా చూడలేదు.

"అవునని నొక్కమ్మా."

నొక్కింది. సబ్బు పాప లేదు, టోపీలు లేవు, ప్రశ్నలు లేవు. నేరుగా స్వామి. ముఖం మీద ఏ గుర్తూ లేకుండా, నిండుగా.

మునెమ్మ ట్యాబ్లెట్‌ను బెంచీ మీద పెట్టి దండం పెట్టుకుంది. కిటికీలోంచి సుబ్రమణ్యం కేక వేశాడు. "పచ్చ పడింది! సార్, పచ్చ!"

ఆ తర్వాత జరిగింది నేను ఏ శిక్షణలోనూ చూడలేదు. షెడ్డు గుమ్మం దాకా వరస కట్టారు. ఒక్కొక్కరూ రావడం, తమ పేరుతో తెరవడం, నేరుగా స్వామిని చూడటం, దండం పెట్టడం. లోపల కంప్యూటర్లో పసుపు చుక్కలు ఒకటొకటిగా పచ్చబడుతున్నాయి. సుబ్రమణ్యానికి ఎక్కడ లేని హుషారు వచ్చి, బయటికొచ్చి చేతులు ఊపుతూ, "జరగండి, జరగండి! ఎనకోళ్ళు ఉండారు!" అని మొదలుపెట్టాడు.

"కొండ మీద ఎట్టాగూ జరగమంటారు" అంది రెండోసారి వరసలోకి వచ్చిన మునెమ్మ. "ఈడ కూడానా? రవంతసేపు నిలబడనీప్పా!"

"నీకు పచ్చ పడింది కదమ్మా, మళ్ళీ యాల వచ్చినావు?"

"దర్సనం ఇంత ఈజీగా దొరకతా ఉంటే యాల రాకూడదు?"

ఎస్తేరమ్మకు పచ్చ ముందే ఉంది. అయినా ఆమె కూడా వరసలో నిలబడింది. "అందరూ నిలబడినారు సారూ, నేనొక్కదాన్నే కూసోని ఏం చెయ్యాల? ఈసారి పాఠం చేస్తే మా ప్రభువు పటం కూడా పెట్టండి" అంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం తిరుగు బస్సులో దాని గురించే ఆలోచించాను. ఫ్యాక్టరీ పాఠం అందరిదీ. దాని చివరి పేజీలో ఉండవలసింది విజిలు ఒక్కటే. తర్వాత వరదరాజులు గారికి అదే చెప్పాను. ఆయన నాలుగు రోజులు ముభావంగా ఉండి, చివరికి ఒప్పుకున్నారు. పటం ఆఫీసు గోడ మీదికి చేరింది. రోజూ పూలు పెట్టే పని ఆయనే చూసుకుంటారు.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పాఠం చేసిన తెర మీద పాఠాన్ని పరీక్షించకండి. చదివేవాళ్ళ చేతిలో ఏముందో దాని మీద చూడండి. విజిలు పని పూర్తయినప్పుడు పడాలి గానీ, తలుపు వేసినప్పుడు కాదు. నివేదికలో పసుపు కనబడితే సోమరితనం అని రాసేముందు, ఒక స్టూలు వేసుకుని పక్కన కూర్చోండి. తల ఊపినవాళ్ళందరూ ఒప్పుకున్నట్టు కాదు.

సోమవారం నాకు చిత్తూరులో ఏ పనీ లేదు. అయినా వెళ్ళాను. రోడ్డు పొడుగునా తోతాపురి కాయల లారీలు నిలబడి ఉన్నాయి. గేటు దగ్గర కొత్త కార్డులతో ఆడవాళ్ళు వరస కట్టారు. కార్డు పెట్టగానే గోడ మీది తెరలో వాళ్ళ ఫోటో కనిపిస్తుంది. ఫోటో మీద పెద్ద ఆకుపచ్చ రైటు మార్కు పడి, గేటు తెరుచుకుంటుంది.

మునెమ్మ కార్డు పెట్టింది. ఆమె ముఖం తెర నిండా వచ్చింది. దాని మీద, సరిగ్గా ముక్కు మీద, రైటు మార్కు పడింది. లోపలికి పోబోయినదల్లా ఆగి, వెనకనున్న ఎస్తేరమ్మను పిలిచి చూపించింది.

"సూసినావా మే? స్వామికి నేను ఇంటూ పెట్టలేదని, నాకు ఆయన రైటు పెట్టినాడు."